దెల్ఫోర్ బరువుకు తగిన బోర్డు

దెల్ఫోర్ ప్యూ మంచులో పడితే తోర్దో కొండ మీద చూడనివాడంటూ ఉండడు. కుర్చీ లిఫ్టులో పైకి పోయేవాళ్లు కాళ్లూపుకుంటూ కిందికి చూసి, "అదుగో, మనవాడు మళ్లీ దొర్లాడు" అని చెప్పుకునేవాళ్లు. చూడక ఏం చేస్తారు? రెండు మీటర్లకు మూడు సెంటీమీటర్లు తక్కువ ఎత్తు, దానికి తగ్గ ఒళ్లూ ఉన్న మనిషి పడితే అది గుట్టుగా జరిగే పనా?

నిజానికి తప్పు అతని ఒంటిది కాదు, కాళ్లకింది బోర్డుది. స్నోబోర్డు మీద మనిషి అడ్డంగా నిలబడతాడు కదా. దెల్ఫోర్ బూటు నలభై ఎనిమిదో సైజు. అద్దె కొట్లో దొరికే బోర్డులన్నీ సన్నగా పీలగా ఉండేవి. ముందుకు ఒరిగి మలుపు తిప్పబోతే చాలు, బోర్డు అంచు కన్నా ముందు బూటు మొన మంచులో దిగబడేది. అంతే, దెల్ఫోర్ బోర్లా పడేవాడు.

ఇంకొకడైతే నవ్వేసి ఊరుకునేవాడు. దెల్ఫోర్‌కి నవ్వు రాలేదు. ఆ కొండ రెస్క్యూ దళంలో చేరాలని అతని కోరిక. ఆ దక్షిణపు దేశంలో శీతాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా; అలాంటి తొమ్మిది శీతాకాలాలుగా లిఫ్టు దగ్గర పార పట్టుకుని మంచు ఎత్తిపోస్తూ, ఎర్రకోటు వాళ్లు కాలు విరిగినవాళ్లను స్లెడ్జి బండిలో దించుకొస్తుంటే నోరు తెరుచుకుని చూసి చూసి పెంచుకున్న కోరిక అది. దళంలోకి తీసుకోవాలంటే ఒక్కటే పరీక్ష. బండిలో మనిషిని పడుకోబెట్టి, ముందు కాడి పట్టుకుని, కొండ పైనుంచి కిందిదాకా పడకుండా, కుదుపు లేకుండా దించాలి. ముప్పై ఏళ్లుగా స్కీల మీద వచ్చినవాళ్లే అందులో నెగ్గారు. బోర్డు మీద వస్తానన్న మొదటి మనిషి దెల్ఫోర్. ఎవరికైనా మూడు అవకాశాలే ఇస్తారు, నాలుగోది లేదు. దెల్ఫోర్ అప్పటికే రెండుసార్లు పడ్డాడు.

రెండోసారి పడ్డాక దళం చీఫ్ జులేమా బార్రియా బండిలోంచి లేచి, మెడ దగ్గర దూరిన మంచు దులుపుకుంది. ఆ దళంలో ఆచారం అది. పరీక్ష రోజు గాయపడ్డ మనిషిగా చీఫే పడుకోవాలి. ఆమె కళ్లు మూసుకుని పడుకుని, వెన్నుపూసతో మార్కులు వేస్తుంది.

"నువ్వు తిప్పడం బాగానే తిప్పుతున్నావయ్యా" అంది. "ఆ చెక్కే నిన్ను మొయ్యలేకపోతోంది. మేకల బండికి ఎద్దును కట్టినట్టుంది. ఆగస్టు చివరి శనివారం రా. నీకు సరిపోయే బోర్డుతో వస్తే రా, లేకపోతే ఇంట్లో పడుకో. నాకున్నది ఒక్కటే నడుం."

మర్నాడే దెల్ఫోర్ తన అక్క నెస్తాను వెంటబెట్టుకుని ఎస్కెల్ బజారుకు వెళ్లాడు. నెస్తా త్రెవెలిన్‌లో టీ కొట్టు నడుపుతుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. బోర్డుల కొట్టువాడు దెల్ఫోర్‌ని ఎగాదిగా చూసి, ఉన్నవాటిలో పొడవైనది తెచ్చి అతని పక్కన నిలబెట్టాడు. ఆ ఊళ్లో బోర్డు కొలత అంటే అదే. నిలబెడితే గడ్డం దాకా రావాలి. ఇది చంక దగ్గరే ఆగిపోయింది.

"మీ గడ్డం అందాలంటే మా కొట్టు తలుపు ఊడదీసి ఇవ్వాలి సార్" అన్నాడు కొట్టువాడు. "కాస్త వంగి నిలబడండి, సరిపోతుంది."

"వంగి నిలబడితే వీడు సన్నబడతాడా?" అని నెస్తా లేచింది. "ఏమయ్యా, ఆ చెక్క మోసేది వీడి గడ్డాన్నా, వీడి పొట్టనా? ఎత్తు చూసి బోర్డు అమ్మడం ఏమిటి? పద తమ్ముడూ. దోన్ కుస్తోదియో దగ్గరికి పోదాం."

దోన్ కుస్తోదియో నహుయెల్కిర్ నలభై ఏళ్లు గొర్రెలు కొని అమ్మినవాడు. మోకాళ్లు అరిగాక ఆ పని మానేసి, ఇంటి వెనక కొట్టంలో చెక్కతో బోర్డులు చెయ్యడం మొదలెట్టాడు. ఆయన చేసిన బోర్డు కాళ్లకింద ఉంటే కొండే పక్కకు తప్పుకుంటుందని జనం అనేవాళ్లు. ఆయన ఎత్తు అడగడు. బరువే చూస్తాడు, కానీ కాటా మీద కాదు. గొర్రెను చూసినట్టే మనిషిని కూడా నడుం దగ్గర వాటేసుకుని, నేలమీంచి లేపి, దించి, బరువు చెప్పేస్తాడు. అరకిలో తేడా రాదు. బడి పంతులమ్మను ఎత్తాడు, చర్చి ఫాదర్‌ను ఎత్తాడు, మేయర్ గారి భార్యను సాక్షాత్తూ మేయర్ గారి ఎదుటే ఎత్తాడు. "కాటా ఎందుకు? చేతులు లేనివాళ్లకి" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, అందులో సందేహం లేదు. కాకపోతే ఆయన పట్టిన కుందేళ్లకు ఎప్పుడు లెక్కపెట్టినా మూడే కాళ్లు తేలేవి.

నెస్తా తమ్ముణ్ని గుమ్మం దగ్గర దింపి కొట్టుకు వెళ్లిపోయింది. కుస్తోదియో మాతే టీ గ్లాసు పక్కన పెట్టి, తల వెనక్కి వంచి పైదాకా చూశాడు.

"ప్యూ వాళ్ల పిల్లాడివా? నిన్ను రాత్రిళ్లు కూడా ఆపకుండా పెంచారేంట్రా?"

"ఏం చెయ్యమంటారు దోన్ కుస్తోదియో, ఆగలేదు."

"సరే, చేతులు పైకెత్తు."

ఎత్తాడు. చేతులు పైదూలానికి తగిలాయి. పెద్దాయన దెల్ఫోర్ నడుం చుట్టూ చేతులు వేశాడు. అవతలి వైపు రెండు చేతులూ కలవలేదు. చొక్కా పట్టుకుని సర్దుకున్నాడు. ఊపిరి బిగబట్టి, "హుప్" అని లేపాడు. మనిషి కదల్లేదు. ఇంకోసారి "హుప్" అన్నాడు. ఆయన మెడనరాలు పొంగాయి, చెవులు ఎర్రబడ్డాయి, మోకాళ్లు పటపటమన్నాయి. దెల్ఫోర్‌కి గుండె తరుక్కుపోయింది. డెబ్బై రెండేళ్ల మనిషి, ఊరంతా మెచ్చుకునే చేతులు, తన వల్ల నగుబాటు కావడమా? పాపం సాయం చేద్దామని మెల్లగా తనే మునివేళ్ల మీద లేచాడు.

కుస్తోదియో వదిలేశాడు. గోడకేసి తిరిగి చేతులు దులుపుకున్నాడు.

"తొంభై ఎనిమిది" అన్నాడు చివరికి.

దెల్ఫోర్ కిందటిసారి కాటా ఎక్కింది రెండేళ్ల కిందట, ఆరోగ్య కేంద్రంలో. అప్పుడే నూట ఇరవై నాలుగు. అప్పట్నుంచీ ఆ కాటా ఉన్న గదివైపే పోలేదు. ఇప్పుడు తొంభై ఎనిమిది అన్నమాట చెవిన పడేసరికి ఒంట్లో ఏదో తేలికపడ్డట్టయింది. రెండంకెల్లో ఉండి ఎన్నేళ్లయింది! అబద్ధమని తెలుసు. అయినా తియ్యగా ఉంది.

"అవునండీ" అన్నాడు. "అటూ ఇటుగా అంతే ఉంటాను."

పెద్దాయన అతని కళ్లలోకి ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నాడు. చూశారా, ఇద్దరికీ తెలుసు! ఒక్కడైనా నోరు విప్పితే ఒట్టు.

పదకొండు రోజులకు బోర్డు తయారైంది. తేలికైన పోప్లర్ చెక్క, దానికి తేనెరంగు మెరుగు, మొన మీద కుస్తోదియో తాత కాలం నాటి గొర్రెల ముద్ర. వెడల్పు బాగా ఉంచాడు. దెల్ఫోర్ బూట్లు రెండూ బోర్డులోపలే ఇమిడాయి. మెత్తటి మంచు మీద, చిన్న వాలు మీద మొదటి రోజంతా ఒక్కసారి కూడా పడలేదు. లిఫ్టులో వెళ్లేవాళ్లు తెల్లబోయారు. ఆ సాయంత్రం దెల్ఫోర్ ఈలవేసుకుంటూ ఇంటికొచ్చి, అక్క కొట్లో తోర్తా ఫ్రీతా అనే వేపుడు రొట్టెలు తొమ్మిది తిన్నాడు.

రెండో రోజు నిటారు వాలుకు వెళ్లాడు. రాత్రి గడ్డకట్టిన మంచు, పైగా బండిలో ఇసుకబస్తాలు. మలుపులో బరువంతా అంచు మీద మోపగానే బోర్డు నడుం దగ్గర అట్టలా వంగిపోయింది. అంచు జారింది. వెనకనుంచి బండి తోసింది. దెల్ఫోర్ ఎనభై మీటర్లు వీపు మీద ప్రయాణం చేసి, కంచె దగ్గర ఆగాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ అంతే. పైన పటారం, లోన లొటారం. పరీక్షకు ఇంక ఆరు రోజులే మిగిలాయి.

నెస్తా అతని మోచేతికి మందు రాస్తూ అడిగింది. "కుస్తోదియో బోర్డు వంగడమేంట్రా? నిన్నెంతని లెక్క కట్టాడు?"

"తొంభై ఎనిమిది."

నెస్తా చేతిలో మందు డబ్బా కిందపెట్టింది. నవ్వడం మొదలెట్టి, కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలెట్టింది. "తొంభై ఎనిమిదా! ఏ భాగం? నడుం నుంచి కిందికా?"

"ఆయన లేపలేకపోయాడక్కా. మొహం చూస్తే జాలేసింది. నేనే కాస్త మునివేళ్ల మీద..."

"మునివేళ్ల మీద లేచావా?" ఆమె నవ్వు ఠక్కున ఆగింది. "మొహమాటానికి పోతే ఏమైందో తెలుసుగా! ఒరే తమ్ముడూ, తొమ్మిదేళ్లు మంచు ఎత్తావు. ఇది మూడోసారి. శనివారం పడ్డావంటే చచ్చేదాకా ఆ పారే నీకు గతి. ఆయన పరువు కోసం, నీ సోకు కోసం బతుకంతా పోగొట్టుకుంటావా? లే. బండెక్కు."

బోర్డు చేతిలో పట్టుకుని దెల్ఫోర్, కుస్తోదియో ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. వంగి పెద్దాయన కుక్కను నిమిరాడు. నెస్తానే విషయం కక్కేసింది.

"నా చేతులు అబద్ధం చెప్పవమ్మా!" అని ముసలాయన గయ్యిమన్నాడు. "నీ తమ్ముడే ఆ రోజు నుంచీ మింగుతూ కూర్చున్నాడేమో. మీ కొట్లో వాడికి అడ్డుచెప్పేవాళ్లెవరు?"

"పదమూడు రోజుల్లో ముప్పై కిలోలా దోన్ కుస్తోదియో? మా కొట్లో ఎద్దుల్ని మేపట్లేదు. వాదనెందుకు, సహకార సంఘం ఉన్ని కొట్టంలో కాటా ఉంది. పోదాం పదండి."

ఉన్ని కొట్టం ఆగస్టులో ఖాళీ. బొచ్చు కత్తిరించే రోజులు ఇంకా రాలేదు. దూలానికి వేలాడే పాత కాటా, దాని కొక్కేనికి ఉన్ని మోపులు కట్టే గోనెగుడ్డ. మనిషి నిలబడే కాటా కాదది, మోపులు వేలాడదీసేది. కాబట్టి దెల్ఫోర్ గోనెగుడ్డలో కూర్చుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, పైకి వేలాడాల్సి వచ్చింది. తిరుగుచక్రాన్ని నెస్తా, కుస్తోదియో ఇద్దరూ కలిసి తిప్పారు. దూలం కిర్రుమంది. ముల్లు వందను దాటింది, నూట ఇరవైని దాటింది, అటూ ఇటూ ఊగి ఆగింది.

నూట ముప్పై ఒకటి.

కుస్తోదియో తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గాల్లో మెల్లగా గుండ్రంగా తిరుగుతున్న దెల్ఫోర్, ముసలాయన మొహం తన ఎదుటికి వచ్చినప్పుడల్లా సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు.

"ఆ రోజు నిన్ను లేపలేకపోయానురా" అన్నాడు కుస్తోదియో. "నలభై ఏళ్లలో ఒక్క పొట్టేలు నాకింత అవమానం చెయ్యలేదు. లేపలేకపోయానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నోటికొచ్చిన అంకె చెప్పేశాను."

"నాకు తెలుసండీ."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"మీ చెవులు ఎర్రబడ్డాయి, బాధేసింది." దెల్ఫోర్ గోనెలోంచి గొణిగాడు. "అదీగాక... తొంభై ఎనిమిది అంటే నాకు బాగా నచ్చింది."

ముసలాయన భుజాలు కదిలాయి. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, చివరికి ఒళ్లంతా ఊగేలా నవ్వాడు. నెస్తా సరే సరి. దెల్ఫోర్ వేలాడుతూనే నవ్వాడు. దూలం మళ్లీ కిర్రుమంది.

"ముందు నన్ను దించండి" అన్నాడు.

"దించను" అన్నాడు కుస్తోదియో. "బూట్లు తొడుక్కో, సంచీ తగిలించుకో, రేడియో, పార అన్నీ ఎక్కించు. కొండ మీద నువ్వు బట్టల్లేకుండా తిరుగుతావా? మొత్తం చూడాలి."

నెస్తా తన బండిలోంచి అవన్నీ తెచ్చి అందించింది. మొత్తం నూట నలభై ఆరు తేలింది. కుస్తోదియో ఆ అంకెను కొట్టం గోడ మీద బొగ్గుతో పెద్దగా రాసి, కింద గీత గీశాడు. కళ్లలో ఏదో వెలుగొచ్చింది. "ఇంతకాలం నేను చేసినవన్నీ గొర్రెపిల్లలకిరా" అన్నాడు. "ఇప్పుడు చేస్తాను అసలు బోర్డు."

ఆ అయిదు రోజులూ దెల్ఫోర్ లిఫ్టు దగ్గర పని ముగించుకుని నేరుగా అక్కడికే వెళ్లాడు. ఈసారి పోప్లర్ నడిమికే పరిమితం. రెండు వైపులా బోర్డు పొడుగునా గట్టి లెంగా చెక్క పట్టీలు వేశాడు కుస్తోదియో. పొడవు పెంచాడు. ఎంత పొడవైందో ఎవరూ గడ్డం దగ్గర పెట్టి చూడలేదు. కాళ్లు బిగించే చోటు వెడల్పుగా, రెండు పాదాల మధ్య దూరం ఎక్కువగా, అంచుకి మందపాటి ఉక్కు పట్టీ. శుక్రవారం సాయంత్రం దాన్ని రెండు పీటల మధ్య వంతెనలా పెట్టి, "దూకు" అన్నాడు పెద్దాయన.

"విరిగితే?"

"విరిగితే నేను రేపట్నుంచీ చెంచాలు చేసుకుంటాను. దూకరా!"

దెల్ఫోర్ దూకాడు. బోర్డు కొద్దిగా దిగి, అతన్ని మర్యాదగా పైకి తోసింది. పుట్టి బుద్ధెరిగాక తన కింద ఏదో ఒకటి 'ఊఁ, నిలబడు, నేనున్నాను' అన్నది అదే మొదటిసారి. మంచం కూడా అననేలేదు.

శనివారం ఎండ కాసింది. కొండ మీద మాత్రం రాత్రి గాలికి మంచు గాజులా బిగిసింది. శిఖరం దగ్గర జులేమా ఎప్పటిలాగే బండిలో పడుకుంది. దెల్ఫోర్ బోర్డు చూసి ఒక కనుబొమ్మ ఎత్తింది.

"ఇదేంటి, పడవా?"

"నా సైజు చీఫ్."

"ఊఁ. చూద్దాం." పట్టీ బిగించుకుంది, కళ్లు మూసుకుంది. అప్పుడే ఆమె ఛాతీ మీది రేడియో గరగరలాడింది. 'గరాటు' అని పిలిచే ఇరుకు వాలు మొదట్లో ఎవరో పడ్డారు, కాలు విరిగినట్టుంది. దళంలో మిగతా ఇద్దరూ కొండకు అవతలి వైపున్నారు.

జులేమా పట్టీ విప్పి లేచింది. ఒక్క క్షణం దెల్ఫోర్‌నీ, బండినీ చూసింది. "పరీక్ష లేదు ఇవాళ" అంది. దెల్ఫోర్ వంగి బోర్డు పట్టీలు విప్పబోయాడు. "బండి పట్టుకుని నా వెనకే రా" అని ఆమె స్కీలు తొడుక్కుని సాగిపోయింది.

పడ్డాయన పేరు ఎవెలియో, కొమొదోరో నుంచి వచ్చిన లారీ డ్రైవరు. యాభై ఏళ్ల భారీ మనిషి. మంచులో వెల్లకిలా పడి, పళ్లు బిగించి ఉన్నాడు. జులేమా కాలికి బద్దలు కట్టింది. ఇద్దరూ మూలిగినంత పని చేసి ఆయన్ని బండిలోకి ఎక్కించారు. ఆయన మెడ తిప్పి, కిందికి నిటారుగా పడిపోయే గరాటును చూశాడు. మొహం పాలిపోయింది.

"ఒక్కడేనా దించేది?" అన్నాడు. "ఇంకెవర్నయినా పిలవండమ్మా. నేను... నేను తేలికైనవాణ్ని కాను." గొంతు బాగా తగ్గించాడు. "నూట పదహారు. మా ఆవిడకి నూట రెండని చెప్పాను. ఈ బరువు ఒక్కడి వల్ల ఆగదు, ఇద్దరం పోతాం."

జులేమా చెయ్యి రేడియో మీదికి వెళ్లింది. ఆమెది తప్పు కాదు. బరువైన మనిషికి ఇద్దర్ని పెట్టడం దళం పద్ధతి. ఇద్దరు రావాలంటే ముప్పావు గంట. అంతసేపూ ఆయన ఆ గడ్డమంచులో వణుకుతూ పడుండాలి.

"సార్!" అన్నాడు దెల్ఫోర్. అంత గట్టిగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. లిఫ్టులో పోయేవాళ్లు కూడా తలలు తిప్పారు. "నేను నూట ముప్పై ఒకటి! బూట్లూ సంచీ కలిపితే నూట నలభై ఆరు! మీరు నన్ను తొయ్యాలన్నా తొయ్యలేరు. కళ్లు మూసుకోండి, నేను దించుతాను."

ఎవెలియో అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. చూడ్డానికి కాస్త సమయం పట్టింది. విరిగిన కాలు నొప్పెడుతున్నా నవ్వొచ్చేసింది. "నూట ముప్పై ఒకటా? భలే! అయితే పోనియ్యి నాయనా."

జులేమా రేడియో మీంచి చెయ్యి తీసింది.

దెల్ఫోర్ కాడి పట్టుకుని గరాటులోకి దిగాడు. మొదటి మలుపులోనే బండి వెనక నుంచి భుజంతో గుద్దినట్టు తోసింది. అతను మడమల మీద బరువంతా వేసి కూర్చున్నాడు. తనకున్న ప్రతి కిలోనూ, రెండేళ్లుగా దాచుకున్న ప్రతి కిలోనూ వేశాడు. ఉక్కు అంచు గడ్డమంచును కరకరమని కొరికి పట్టుకుంది. బోర్డు వంగలేదు. బండి నెమ్మదించింది. ఇంకో మలుపు, ఇంకోటి. వెనకనుంచి ఎవెలియో మొదట దేవుణ్ని తలుచుకున్నాడు, తర్వాత "ఎడమ పక్క రాయి ఉంది, చూసుకో" అని డ్రైవరు బుద్ధితో సలహాలు చెప్పాడు, చివరి మలుపు దగ్గర ఏదో పాట కూనిరాగం తీశాడు. చదునుకు వచ్చి ఆగాక దెల్ఫోర్ కాడి దించాడు. పడలేదు. కుదుపు కూడా రాలేదు.

కింద అంబులెన్సు తలుపులు తెరిచి ఉన్నాయి. ఎక్కించబోతుంటే ఎవెలియో దెల్ఫోర్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. జులేమా కేసి తిరిగాడు.

"అమ్మా, మా ఆవిడ మొండిది. నా కాలు విరిగినా సరే, రేపు పిల్లల్తో కొండెక్కి తీరుతానంటుంది. ఈ అబ్బాయి రేపు ఉంటాడా? ఉంటేనే వాళ్లని పంపిస్తాను."

అది దెల్ఫోర్ చెప్పాల్సిన జవాబు కాదు. తల వంచుకుని చేతి తొడుగుల వంక చూస్తూ నిలబడ్డాడు. పరీక్ష లేదందిగా ఇవాళ.

జులేమా వంగి రోగి కాలిపట్టీ సరిచూస్తోంది. తల ఎత్తనే లేదు.

"ఉంటాడు" అంది. "రేపూ ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు. ఎనిమిదికల్లా రాకపోతే మాత్రం నేను ఊరుకోను."

దెల్ఫోర్ "వస్తాను చీఫ్" అందామనుకున్నాడు. ఆనందం పట్టలేక కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అంత పెద్ద మనిషీ అందరి ఎదుటా, మంచులో నిలబడి, ఊరికే తలూపుతూ ఉండిపోయాడు.